అతిమధురం అత్తరైన కథ

అతిమధురం పేరు వినని తెలుగిల్లు అరుదు. గొంతు బొంగురుపోయినా, పొడిదగ్గు పట్టుకున్నా చిన్న వేరు ముక్క బుగ్గన పెట్టుకుని ఆ రసం మింగమనేవారు పెద్దలు. పాట నేర్చుకునే పిల్లల దగ్గర కూడా ఓ ముక్క ఉండేది. సంస్కృతంలో దీని పేరు యష్టిమధు. యష్టి అంటే కర్ర, మధు అంటే తీపి. గ్రీకులు తమ భాషలో దీన్ని తీపివేరు అన్నారు. ఆ గ్రీకు మాటే నోళ్లు మారి, అరిగి, ఇంగ్లీషులో లికొరైస్ అయింది. ఒకరినొకరు అడక్కుండానే రెండు జాతులవాళ్లూ ఒకే పేరు పెట్టారన్నమాట. నాలుక చెప్పినదాన్ని ఎవరు కాదనగలరు?

మన ఇంట్లో మందుల డబ్బాలో పడి ఉండే ఈ వేరు, ఈ దేశంలో నల్లటి మిఠాయిగా కనిపిస్తుంది. ఫ్రాన్సుకు వెళ్తే పరిమళంగా, నాజూకైన సీసాల్లో, మన వారపు సరుకుల ఖర్చును మించిన ధరకు అమ్ముడవుతుంది. మందుల డబ్బా నుంచి అద్దాల బీరువా దాకా అది ఎలా నడిచి వచ్చిందో కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. అతిమధురానికి, పరిమళాల దుకాణంలో "లికొరైస్ వాసన" అని అమ్మేదానికి నిజానికి దగ్గరి చుట్టరికం లేదు. వేరులోని తీపికి కారణం గ్లిసిరైజిన్ అనే పదార్థం. అది పంచదార కంటే సుమారు 30 నుంచి 50 రెట్లు తీపి. అయితే అది పెద్ద అణువు, గాలిలోకి లేవదు. గాలిలోకి లేవనిది ముక్కుకు చేరదు. ఎండు అతిమధురాన్ని విరిచి వాసన చూడండి. కొంచెం మట్టి, కొంచెం కర్ర, ఎక్కడో లీలగా తీపి. అంతే. మరి ఆ నల్ల మిఠాయి పొట్లం విప్పగానే గుప్పుమనే వాసన ఎక్కడిది? అది ఎనిథోల్ అనే నూనెది. మన సోంపులోనూ, అనాసపువ్వులోనూ, యూరపువాళ్ల ఎనిస్ గింజల్లోనూ ఉండే ముఖ్యమైన సుగంధం అదే. మిఠాయి చేసేవాళ్లు చాలాచోట్ల అతిమధురం పాకంలో ఎనిస్ నూనె కలుపుతూ వచ్చారు. తరాల తరబడి పిల్లలు రెండూ కలిపే తిన్నారు. దాంతో నాలుక మీది తీపి ఒకరిది, ముక్కులోని వాసన ఇంకొకరిది, పేరు మాత్రం అతిమధురానిది అయి కూర్చుంది. ఎనిథోల్ కూడా పంచదార కంటే పదమూడు రెట్లు తీపి కావడంతో ఈ పొరపాటు ఇంకా గట్టిపడింది.

మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఒక పెద్ద దుకాణంలో అలాంటి సెంటు ఒకటి కాగితం పట్టీ మీద కొట్టి వాసన చూపించాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏమ్మా, ఇది హోటల్లో బిల్లుతో పాటు తెచ్చే సోంపు కదూ! దీనికి ఇంత డబ్బా?" అన్నారు. పక్కన నిలబడ్డ అమ్మకపు పిల్లకు తెలుగు రాకపోవడం మా అదృష్టం. కానీ రసాయనశాస్త్రం ప్రకారం ఆవిడ మాటే కరెక్టు.

ఈ దేశంలో అతిమధురం అనగానే యార్క్‌షైర్‌లోని పాంటిఫ్రాక్ట్ పేరు చెబుతారు. అక్కడి లోతైన మెత్తటి నేలలో ఈ వేరు బాగా దిగుతుంది. సన్యాసులు తెచ్చి నాటారని ఊళ్లో చెప్పుకుంటారు. చాలాకాలం అది అక్కడా మందే. 1760లో జార్జ్ డన్‌హిల్ అనే మందుల తయారీదారు అతిమధురం సారానికి పంచదార కలిపి బిళ్లలు చేశాడనీ, అప్పటి నుంచే అది మిఠాయి అయిందనీ చరిత్ర. నాణెంలా గుండ్రంగా, పైన కోట ముద్రతో ఉండే ఆ బిళ్లలే పాంటిఫ్రాక్ట్ కేకులు. కేకు అనే పేరు చూసి మోసపోవద్దు. మన జీడి బిళ్లంత ఉంటాయి.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పకుండా ముందుకు పోలేను. బ్రిటన్‌లో రహస్య బ్యాలెట్ పద్ధతిలో పార్లమెంటు సీటుకు మొదటిసారి ఎన్నిక జరిగింది ఈ పాంటిఫ్రాక్ట్‌లోనే, 1872లో. తేదీ కూడా మనం మరిచిపోలేనిదే: ఆగస్టు 15. ఆ బ్యాలెట్ పెట్టెకు లక్క పోసి సీలు వేయడానికి వాడిన ముద్ర డన్‌హిల్ ఫ్యాక్టరీలో అతిమధురం బిళ్లల మీద కొట్టే ముద్ర! ఆ పెట్టె ఇప్పటికీ పాంటిఫ్రాక్ట్ మ్యూజియంలో ఉంది. ఆ ఊరి మీదుగా వెళ్లేవాళ్లు ఓ గంట ఆగి చూడవచ్చు. ఊరి చుట్టూ ఒకప్పుడు ఉన్న అతిమధురం తోటలు మాత్రం లేవు. పరదేశాల వేరు చవగ్గా రావడంతో 20వ శతాబ్దం నడిమికి సాగు దాదాపు అంతరించింది. జాన్ బెజిమన్ 1954లో వెలువడిన తన సంపుటిలో ఆ తోటల మీద ఒక పద్యం చేర్చాడు. ఫ్యాక్టరీ కూడా చివరికి జర్మనీవాళ్ల హరిబో కంపెనీలో కలిసిపోయింది. మన దేశం సంగతీ ఇంతే. మనం ఆయుర్వేదంలో ఇంతగా చెప్పుకునే యష్టిమధు చాలావరకు అఫ్గానిస్తాన్, ఇరాన్, మధ్య ఆసియాల నుంచి దిగుమతి అయ్యేదే. "మనది" అనుకునేవాటిలో ఎన్ని బయటనుంచి నడిచి వచ్చాయో లెక్క తీస్తే ఇంకో సంచిక కావాలి.

ఇంగ్లండ్ దీన్ని మిఠాయిగానే ఉంచేసింది. పరిమళంగా మార్చింది ఫ్రాన్సు. దానికి అక్కడి అలవాట్లు కారణం. 1880లో తూలూజ్ నగరంలో లియోన్ లజోనీ అనే ఫార్మసిస్టు చిన్న నల్లటి అతిమధురం పలుకులు తయారుచేసి, జేబులో గడియారంలా పట్టే గుండ్రటి పసుపు డబ్బాలో అమ్మాడు. వాటి పేరు కషూ. ఈ మాట ఎక్కడిదో తెలుసా? మన తాంబూలంలోని కాచు! దక్షిణాది భాషల నుంచి పోర్చుగీసువాళ్లు పట్టుకెళ్తే ఫ్రెంచివాళ్ల నోట కషూ అయింది. నోటి దుర్వాసన పోవడానికి వేసుకునే బిళ్లలో మొదట కాచు ఉండేది. తర్వాత పేరు ఉండిపోయింది. ఇక పానీయాల సంగతి. 1915లో ఫ్రాన్సులో ఆబ్సాంత్ అనే మద్యాన్ని నిషేధించారు. దాని ఖాళీని ఎనిస్ మద్యాలు నింపాయి. 1932లో పాల్ రికార్ మార్సెయ్‌లో తన పాస్తీస్ అమ్మకానికి పెట్టాడు. అందులో ఎనిస్ వాసనా ఉంది, అతిమధురమూ ఉంది. నీళ్లు కలపగానే అది పాలలా తెల్లబడుతుంది. నీళ్లలో కరగని ఎనిథోల్ సన్నటి తుంపరలుగా విడిపోవడమే ఆ తెలుపు. అలా ఒక ఫ్రెంచివాడికి ఆ వాసన చిన్నప్పటి జేబు డబ్బానూ, వేసవి సాయంత్రం తండ్రి చేతిలోని గ్లాసునూ కలిపి గుర్తుచేస్తుంది. మనకు దగ్గుమందూ, హోటల్ బిల్లూ గుర్తుకొస్తాయి. వాసన ఒక్కటే, జ్ఞాపకాలు వేరు. పరిమళాలు తయారుచేసేవాడి బేరమంతా ఈ జ్ఞాపకాలతోనే.

తినే వస్తువుల వాసన ఒంటికి రాసుకోవడం యూరపులో పాత ఆచారమేమీ కాదు. పువ్వులు, నిమ్మ నారింజ తొక్కలు, కస్తూరి, జవ్వాది, ఇవీ వాళ్ల సరుకులు. ప్రయోగశాలలు వచ్చాక పరిస్థితి మారింది. 1868లో విలియం పెర్కిన్ కూమరిన్‌ను, 1874లో టీమన్, హార్మన్ అనే జర్మన్లు వెనిల్లిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. 1889లో ఎమే గెర్లాఁ చేసిన జికీలో ఈ రెండూ ఉన్నాయి. వంటింటి డబ్బాల వాసన మెల్లగా, మర్యాదగా, పువ్వుల చాటున దొడ్డిదారిన లోపలికి వచ్చింది. 1912లో ఆ ఇంటివాడే అయిన జాక్ గెర్లాఁ "లర్ బ్లూ" చేశాడు. పేరుకు నీలి ఘడియ అని అర్థం. పొద్దు గుంకి చుక్కలు పొడవకముందు ఆకాశం నీలంగా ఉండే వేళ అన్నమాట, మన అసురసంధ్య. దాన్ని ఒంటికి రాసుకోగానే మొదటి నిమిషాల్లో వచ్చేది ఎనిస్ వాసన. తర్వాత లవంగాన్ని తలపించే కార్నేషన్, బాదం పిండి లాంటి హెలియోట్రోపిన్, చివరికి వెనిలా. ఇన్ని తినుబండారాలు చెప్పినా, అది తిండి వాసన వేయదు. ఏదో దిగులు వాసన వేస్తుంది. నా మటుకు నాకు ఎనిస్‌ను ఇంత నేర్పుగా వాడినవాడు మరొకడు లేడు. రెండేళ్లలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది కాబట్టి, ఆ నీలి ఘడియను ఒక యుగపు సాయంకాలంగా చెప్పుకోవడం ఫ్రెంచివాళ్లకు ఇష్టం. తయారుచేసినవాడికి యుద్ధం సంగతి ముందే ఎలా తెలుస్తుంది లెండి.

ఆ తర్వాత ఎనిమిది దశాబ్దాలకు గానీ దొడ్డిదారిన వచ్చిన ఆ చుట్టం ముందు గదిలో కూర్చోలేదు. 1992లో తియెరీ ముగ్లేర్ సంస్థ "ఏంజెల్" విడుదల చేసింది. ఒలివియే క్రెస్ప్ అందులో ఇథైల్ మాల్టాల్‌ను గుమ్మరించాడు. తిరునాళ్లలో పీచుమిఠాయి బండి దగ్గర నిలబడితే వచ్చే వాసన ఏదో, సరిగ్గా అది. దానికి జోడీగా పచౌలి పెట్టాడు. ఈ మాట తమిళం నుంచి వచ్చిందని చెబుతారు. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువలకు పురుగు పట్టకుండా మడతల్లో ఈ ఆకు పెట్టి పంపేవారు. ఆ వాసన లేకపోతే అసలు శాలువ కాదని యూరపు దొరసానులు అనుమానించేవారట. పీచుమిఠాయి, శాలువ ఆకు కలిసి కొత్త జాతి పరిమళాన్ని పుట్టించాయి. వాటికి గూర్మాఁ అని పేరు పెట్టారు. భోజనప్రియం అని మనం అనుకోవచ్చు.

1997లో వచ్చిన "లోలితా లెంపికా" అతిమధురాన్ని నేరుగా వేదిక మధ్యకు తెచ్చింది. ఊదారంగు ఆపిల్ పండులాంటి సీసా. చేసినావిడ అనిక్ మెనార్డో. ఎనిస్, అతిమధురపు మిఠాయి, వయొలెట్ పువ్వు, చెర్రీ, వెనిలా, అడుగున వట్టివేరు. అవును, మన వట్టివేరే. ఫ్రెంచివాళ్లు దాన్ని వెతివేర్ అంటారు. చాలామంది తీపి సెంట్లను పిల్లచేష్ట అంటారు గానీ దీన్ని అలా తీసిపారేయడం అన్యాయం. తీపి కింద ఆ వేరు చల్లదనం, ఆకుపచ్చని చేదు లేకపోతే అది కూడా పీచుమిఠాయే అయ్యేది. మన వంటలో బెల్లం పులుసుకు చింతపండు ఎంత అవసరమో ఇక్కడ ఆ చేదు అంత అవసరం.

పెద్ద కంపెనీల సెంట్లు ఊరంతా ఒకేలా గుబాళిస్తుంటే విసుగెత్తినవాళ్ల కోసం పుట్టినవి చిన్న పరిమళశాలలు. వీటిని నీష్ అంటున్నారు. గోడలో విగ్రహం పెట్టుకునే గూడుకు ఫ్రెంచి మాట అది. 1976లో జాన్ లపోర్త్ స్థాపించిన లార్టిజాఁ పర్ఫ్యూమర్, 1992లో పారిస్ పాలే రొయాల్‌లో తెరిచిన సెర్జ్ లుతాన్స్ దుకాణం, 2000లో తయారుచేసినవాడి పేరు సీసా మీదే వేసిన ఫ్రెడరిక్ మాల్, ఇవి ఆ దారిలో మైలురాళ్లు. అతిమధురం ఈ గూటిలో ఇంకో రూపం ఎత్తింది. ఎర్మెస్ సంస్థ తన దుకాణాల్లో మాత్రమే అమ్మే వరసలో 2007లో "బ్రాఁ ద రేగ్లీస్" వచ్చింది. ఓ పిసరు అతిమధురం అని పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. చేసినవాడు జాన్ క్లోద్ ఎలెనా, పరిమళాలకు పుట్టిల్లయిన గ్రాస్ పట్టణంవాడు. ఆయన పీచుమిఠాయి జోలికే పోలేదు. లావెండర్ పూల పక్కన అతిమధురాన్ని ఓ గీతలా గీసి వదిలేశాడు. ఎండు గడ్డి, వెచ్చని రాయి, నల్లటి తీపి. లోలితాది పెళ్లివారి విస్తరి అయితే ఇది భోజనం అయ్యాక వేసుకునే వక్కపలుకు.

గూడు అన్న మాటను మరీ నమ్మక్కర్లేదు. ఫ్రెడరిక్ మాల్‌ను ఎస్టీ లాడర్ కొనేసింది, లార్టిజాఁను 2015లో స్పెయిన్‌కు చెందిన పూచ్ కొనేసింది. చిన్న దుకాణం, పెద్ద యజమాని. ధర మాత్రం తగ్గలేదు.

ఇదంతా ఫ్రెంచివాళ్ల ఘనత అని మనవాళ్లు నొచ్చుకోనక్కర్లేదు. అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయని చెప్పడమూ నాకు చేతకాదు. రికార్డులో ఉన్నది చెబుతాను. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించాడు. 16 ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఏరుకుంటే 1820 కలయికలు వస్తాయని లెక్క కట్టాడు. పరిమళంలో గణితం చూసినవాడాయన. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి మానసోల్లాసంలో రాజభోగాల్లో సుగంధాలూ ఒకటి. 14వ శతాబ్దం చివర కొండవీటిని ఏలిన కుమారగిరిరెడ్డికి వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లినందుకు కర్పూర వసంతరాయలనే బిరుదు ఉంది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి దూరదేశాల నుంచి కర్పూరం, కస్తూరి వంటి సుగంధద్రవ్యాలు తెప్పించిన వర్తకుడు. తెలుగులో ఒక కావ్యం సుగంధద్రవ్యాల వ్యాపారి చేతికి వెళ్లిందంటే ఆ సరుకుకున్న గౌరవం ఎలాంటిదో ఊహించుకోండి. ఇక కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని బట్టీపట్టి ఆ ఆవిరిని గంధపు నూనెలోకి ఎక్కించే మట్టి అత్తరు ఉంది. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తొలకరి వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టినప్పుడు, ఈ అత్తరు సంగతి ప్రస్తావించక తప్పలేదు.

ఇంత చరిత్ర ఉన్న మనం ఈ దేశంలో వాసన అంటే ముడుచుకుపోతాం. ఇంటర్వ్యూ ఉన్న రోజు పొద్దున తాలింపు వేయనివాళ్లు, కోటును వంటింటికి దూరంగా బీరువాలో దాచేవాళ్లు, పిల్లల స్కూలు బట్టలు వేరే గదిలో ఆరేసేవాళ్లు మనలో ఎందరో. ఇది వట్టి భ్రమ కాదు. 2017లో కెంట్‌లో వందలాది ఇళ్లున్న ఒక యజమాని, ఖాళీ చేశాక కూర వాసన మిగులుతుందనే సాకుతో మనలాంటివాళ్లకు ఇళ్లు అద్దెకివ్వొద్దని తన ఏజెంట్లకు రాసిపంపాడు. సమానత్వ కమిషన్ కోర్టుకెక్కింది. అదే ఏడాది నవంబరులో ఆ షరతు చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది. చట్టం మన పక్షాన ఉంది, సంతోషం. కానీ అదే వీధిలోని దుకాణంలో సోంపు, యాలకులు, కుంకుమపువ్వు, వట్టివేరు సీసాల్లో పోసి పెడితే మహారాణుల వాసన అవుతుంది. పోపులో వేస్తే గోడలకు పట్టే కంపు అవుతుంది. ముక్కుకు ఈ తేడా తెలియదు. తేడా చెప్పేది ముక్కు వెనకాల కూర్చున్నవాడు.

మన పిల్లలు ఇక్కడ పుట్టినవాళ్లు. స్నేహితుల ముందు ఇంటి వాసనకు సిగ్గుపడే వయసు ప్రతి పిల్లకూ ఒకటి వస్తుంది. అలాంటి పిల్ల చేతికి సోంపు డబ్బానూ, లోలితా సీసానూ కలిపి ఇచ్చి, కళ్లు మూసుకుని చూడమనండి. ఎన్ని ఉపన్యాసాలకైనా ఆ రెండు మూతలు తీయడం మేలు.

వాడకం గురించి రెండు మాటలు. తీపి పరిమళాలకు వేడి పడదు. మన మద్రాసు ఎండలో నాలుగు చుక్కలు గదిని నింపేస్తే, ఇక్కడి జనవరి చలిలో అవే నాలుగు చుక్కలు మెడ పట్టీ దాటి బయటికి రావు. శీతకాలమే వీటి ఋతువు. కాగితం మీద చూసి కొనవద్దు. సోంపు భాగం ముందుగా ఎగిరిపోతుంది. గంట తర్వాత మిగిలే వెనిలా, వట్టివేరే రోజంతా మీతో ఉండేవి. మణికట్టు మీద రాసుకుని షాపింగంతా ముగించుకుని, అప్పుడు నచ్చితే కొనండి. పట్టుచీర మీద నేరుగా కొట్టకండి, మరక పడుతుంది. హైదరాబాదు పాతబస్తీవాళ్లు అత్తరు ముంచిన దూదిని చెవి మడతలో పెట్టుకుంటారే, అదే అన్నిటికంటే నాగరికమైన పద్ధతి. ఒంటికి మరక లేదు, పక్కవాడికి బాధ లేదు, దగ్గరికి వచ్చినవాళ్లకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. అతిమధురం ఎక్కువగా తింటే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. గ్లిసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు మించకూడదని 2003లో యూరపు ఆహార శాస్త్ర కమిటీ సూచించింది. బీపీ మందులు వాడే పెద్దలు నల్ల మిఠాయి పొట్లాలూ, అతిమధురం కషాయాలూ రోజూ పుచ్చుకునే ముందు డాక్టరుగారిని అడగాలి. రాసుకునే సెంటుతో ఈ భయం లేదు. ఆ పదార్థం గాలిలోకి లేవదని మొదటే చెప్పుకున్నాం కదా.

పాత పరిమళాలు ఉన్నవి ఉన్నట్టు దొరకడం కష్టం. నిబంధనలు మారాయి, దినుసులు మారాయి, పేరు అదే ఉన్నా లోపలి పాకం మారుతూ వస్తోంది. 1912 నాటి లర్ బ్లూ, ఈనాటి లర్ బ్లూ ఒకటి కావు. అందుకే ఫ్రాన్సులో వెర్సై పట్టణంలో 1990లో ఓస్మోథెక్ అని ఒక భాండాగారం పెట్టారు. పాత సూత్రాల ప్రకారం తయారుచేసిన పరిమళాలను అక్కడ వెలుతురు తగలకుండా, చల్లగా, ఆర్గాన్ వాయువు కింద భద్రపరుస్తారు. సందర్శకులకు కాగితం పట్టీల మీద వాసన చూపిస్తారు. పారిస్ చూడటానికి వెళ్లే మనవాళ్లు ఐఫిల్ టవర్ ఎక్కి, వెర్సై కోట చూసి బస్సెక్కేస్తారు. ఈసారి వెళ్లేవాళ్లు ముందుగా వేళలు కనుక్కుని ఒక పూట అక్కడ గడపండి.